ఊగే గోడ - నిలిచే ఇల్లు

భూకంపం వస్తే కదలకుండా నిలిచేదే గట్టి కట్టడమని మనలో చాలామంది నమ్మకం. నేనూ నిన్నమొన్నటిదాకా అలాగే అనుకున్నాను. కాని గోడను పునాదికి బిగించకుండా, కావాలనే ఊగనిచ్చి, ఆ ఊపుతోనే భవనాన్ని కాపాడే పద్ధతి ఒకటున్నదని చదివి ఆశ్చర్యపోయాను. అందులోని భౌతికశాస్త్రం మనం క్లాసులో చెప్పుకున్నదే. ఆ సంగతే మిత్రులతో ముచ్చటించాలని ఈ చిన్న ప్రయత్నం.

ముందు అసలు చిక్కు ఏమిటో చూద్దాం. మామూలు కాంక్రీటు భవనాన్ని పెద్ద భూకంపంలో కూలిపోకుండా ఉంటే చాలునన్న లెక్కతో కడతారు. లోపలి ఇనుప చువ్వలు సాగి, కాంక్రీటు పగిలి, ఆ నష్టంలోనే భూకంపశక్తి ఖర్చయిపోతుంది. లోపలివాళ్ల ప్రాణాలు దక్కుతాయి. అయితే అలా సాగిన ఇనుము మళ్లీ మొదటి పొడవుకు రాదు. భవనం ఒక పక్కకు ఒరిగి ఉండిపోవచ్చును. మాది వ్యవసాయ కుటుంబం గనుక ఇది చదవగానే నాకు తుఫానుకు పడిపోయిన వరిచేను గుర్తొచ్చింది. కోతకొచ్చిన చేను నేలకొరిగితే మొక్క చావదు. పంట మాత్రం చేతికి రాదు.

2011 ఫిబ్రవరి 22న న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చి నగరంలో వచ్చిన భూకంపంలో 185 మంది మరణించారు. కూలకుండా నిలిచిన భవనాలను కూడా బాగుచేయడం గిట్టుబాటు కాదని తర్వాత వందల సంఖ్యలో పడగొట్టారు. అప్పు చేసి, పొలం అమ్మి ఇల్లు కట్టుకున్నవాడితో "ప్రాణం దక్కింది గదా" అంటే సరిపోతుందా?

ఈ ప్రశ్నకు దారి చూపినవి నీళ్ల ట్యాంకులంటే మీరు నమ్మరు. 1960 మే 22న చిలీ దేశంలో 9.5 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఇవాళో రేపో పడిపోతాయన్నట్లు సన్నగా, పొడుగ్గా ఉన్న కొన్ని ట్యాంకులు నిలిచాయి. వాటికంటే స్థిరంగా కనిపించే కాంక్రీటు ట్యాంకులు బాగా దెబ్బతిన్నాయి! జార్జి హౌస్నర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1963లో దీనికి కారణం గణితంతో చూపించాడు. ఆ సన్న ట్యాంకులు తమ పాదం మీద అటూ ఇటూ ఊగి బతికిపోయాయన్నమాట.

లెక్క సులువే. 3 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల ఎత్తు ఉన్న గోడను పునాదికి బిగించకుండా ఊరికే నిలబెట్టామనుకుందాం. నేల త్వరణం గురుత్వ త్వరణంలో అయిదో వంతు, అంటే సెకనుకు సెకనుకు సుమారు 2 మీటర్లు దాటితేనే దాని ఒక అంచు పైకి లేస్తుంది. లేచిన తర్వాత నేల ఇంకా గట్టిగా కుదిపినా గోడలోకి వెళ్లే బలం అంతగా పెరగదు. పైగా గోడ బరువే దాన్ని వెనక్కి లాగుతుంది. మరి పడిపోదా? పూర్తిగా తిరగబడేలోపే నేల దిశ మార్చుకుంటుంది. పరిమాణం పెరిగినకొద్దీ పడగొట్టడం కష్టం. నేను తుమ్మచెక్కతో ఒకే పోలికలో రెండు దిమ్మలు, ఒకటి జానెడు, ఒకటి మోకాలెత్తు, చేయించి బల్ల మీద నిలబెట్టి కుదిపాను. చిన్నది వెంటనే పడింది. పెద్దది ఊగి ఊగి నిలిచింది. మీరూ చేసి చూడండి.

భవనంలో ఈ గోడకు రెండు తోడు కావాలి. మొదటిది, గోడ లోపల పైనుంచి పునాదిదాకా బిగించి లాగిన ఉక్కు తీగలు. ఇవి కాంక్రీటుకు అతుక్కోవు. రబ్బరులా సాగి గోడను నిటారుగా వెనక్కి తెస్తాయి. రెండోది, ఊగినప్పుడు వంగి శక్తిని మింగే ఉక్కు ముక్కలు. వీటినే డాంపర్లంటారు. దెబ్బ వాటికే తగులుతుంది. తర్వాత వాటిని మాత్రం మార్చుకోవచ్చును. 1999లో అమెరికాలోని శాన్‌డియాగోలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, అసలు కొలతలో 60 శాతం ఉండే అయిదంతస్తుల నమూనా భవనాన్ని కట్టి పరీక్షించారు. ఊగే గోడలున్న దిశలో అది దాదాపు నిటారుగా తిరిగి నిలిచింది.

ఈ గోడతో ఇంకొక మేలున్నది. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో, 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహమ్మదాబాదులో, కింద కార్ల కోసం ఖాళీగా వదిలి స్తంభాల మీద లేపిన అపార్టుమెంట్లు చాలా కూలిపోయాయి. కదలికంతా ఆ ఒక్క అంతస్తులోనే జరగడం కారణం. ఊగే గోడ నిట్టాడిలాగా అన్ని అంతస్తులనూ ఒకే తీరున కదిలిస్తుంది; భారాన్ని పంచుతుంది. టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (2024లో ఇది మరో విశ్వవిద్యాలయంతో కలిసిపోయింది) యోకొహామాలోని తన 11 అంతస్తుల పాత భవనానికి అడుగున కీలుతో తిరిగే 6 గోడలు, వాటి పక్కన డాంపర్లు చేర్చింది. 2011 మార్చి 11 నాటి భూకంపంలో ఆ భవనం దెబ్బతినలేదు. భూకంప కేంద్రం చాలా దూరమే కావచ్చు. అయినా భరోసా ఇచ్చే ఫలితమే.

ఇదేమీ సర్వరోగ నివారిణి కాదు. గోడ పైకి లేచినప్పుడు బరువంతా ఒక మూల మీద పడుతుంది. ఆ మూల నలగకుండా కాపాడాలి. గోడ లేస్తే దానికి తగిలిన శ్లాబు చిరగకుండా అతుకు వేయాలి. లెక్క తెలిసిన ఇంజనీరు లేనిదే మేస్త్రీతో అయ్యే పని కాదు.

"మనకెందుకీ గొడవ?" అంటారేమో. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతోను, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతోను భూమి కంపించింది. మన పట్టణాల్లో ఇప్పటికీ ఖాళీ స్తంభాల మీద ఇళ్లు లేస్తూనే ఉన్నాయి. ఊగే గోడ మన వీధికి ఎప్పుడొస్తుందో గాని, అది నేర్పే పాఠానికి ఖర్చులేదు: కదలిక తప్పదన్నప్పుడు అది ఎక్కడ జరగాలో, ఎలా వెనక్కి రావాలో ముందే మనం నిర్ణయించాలి. ఒరిగినా మళ్లీ లేచి నిలబడే చేనును ఏ రైతు కోరుకోడు? ఇల్లు కూడా అలాంటిదే కావాలి.