మేనరికం ఒక్కటేనా కారణం?

అనంతపురం జిల్లాలో శెనక్కాయ చేల నడుమనున్న పల్లె మాది. మా ఎదురింటి పాపకు మూడేండ్లు నిండినా మాట రాలేదు. పుట్టినప్పుడు బొద్దుగానే ఉండె, చప్పుడైతే ఉలిక్కిపడేది కూడా. రాను రాను పిలిస్తే తిరిగి చూడటం మానేసింది. "మేనరికం చేసుకుంటే ఇంతే" అని ఊరంతా ఆ తల్లినే అనింది. జంతుశాస్త్ర విద్యార్థినైన నాకు, అది ఒక్కటేనా కారణం అనే సందేహం కలిగింది. ఆ సందేహమే ఈ వ్యాసానికి మూలం.

మేనరికపు సంతతిలో పుట్టుచెవుడు ఎక్కువన్న మాట నిజమే. కాని జన్యువులతో సంబంధం లేని కారణం మరొకటి ఉంది. అదే సైటోమెగాలో వైరస్. 'సైటో' అంటే కణము, 'మెగాలో' అంటే పెద్దది. ఇది సోకిన కణం ఉబ్బి, మైక్రోస్కోపు కింద గుడ్లగూబ కన్నులా కనిపిస్తుంది. ఆటలమ్మను తెచ్చే వైరస్‌ది కూడా ఈ కుటుంబమే. 1950వ దశకంలో దీనిని వేరుచేసిన శాస్త్రజ్ఞులలో ఒకరైన థామస్ వెల్లర్ 1960లో ఈ పేరు పెట్టాడు.

మన దేశంలో చాలామందికి ఇది చిన్ననాడే సోకుతుంది. సాధారణంగా సోకినట్లే తెలియదు. అయితే ఒంట్లోంచి పూర్తిగా పోక అణగి ఉంటుంది. గర్భిణికి కొత్తగా సోకినా, అణగినది మళ్ళీ లేచినా, మాయను దాటి శిశువును చేరవచ్చు.

ఇట్లా సోకిన శిశువులలో నూటికి సుమారు 10 మందికే పుట్టుకతో లక్షణాలు కనిపిస్తాయి: కామెర్లు, చర్మం మీద నెత్తురు చుక్కలు, కాలేయం, ప్లీహం పెరగడం, తల చిన్నదిగా ఉండడం. వీరిలో చాలామందికి తర్వాత చెవుడు, మూర్ఛలు, చూపులోపం, బుద్ధిమాంద్యం వంటి చిక్కులు వస్తాయి. మిగిలినవారు చూడటానికి చక్కగా ఉంటారు. అయినా వారిలోనూ నూటికి 10 నుంచి 15 మందికి వినికిడి తగ్గుతుంది. కొందరికి నెలలు, ఏండ్లు గడిచాక! కాబట్టి "పుట్టినప్పుడు వినింది కదా" అని నిశ్చింతగా ఉండరాదు.

శిశువు పుట్టిన 21 దినాల లోపల మూత్రానికో, ఉమ్మికో పి.సి.ఆర్. పరీక్ష చేయాలి. గడువు దాటితే కడుపులోనే సోకిందో, తర్వాత సోకిందో తేల్చడం కష్టం. ఎదురింటి పాప విషయంలో జరిగింది ఇదే. కారణం తేలలేదు, తల్లి మీద నింద మాత్రం మిగిలింది.

లక్షణాలు గల శిశువుకు మొదటి నెలలోనే వాల్‌గాన్‌సైక్లోవిర్ మందు మొదలుపెట్టి, రక్తపరీక్షలు చేస్తూ 6 నెలలు ఇస్తారు. దానివల్ల కొందరికి వినికిడి నిలబడుతుంది. టీకా ఇంకా రాలేదు. వైరస్ సోకిన బిడ్డకు వినికిడి పరీక్ష ఒక్కసారితో ఆపక, బడి ఈడు దాకా చేయిస్తుండాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుచెవుడును కనిపెట్టడం కూడా ఒక భాగమే.

మరి నివారణ? పసిపిల్లల ఉమ్మి, మూత్రాల ద్వారా ఇది వ్యాపిస్తుంది. పెద్దబిడ్డ వదిలేసిన బువ్వను పారేయలేక తినేది కడుపుతో ఉన్న తల్లే. ఆ ఎంగిలి మానాలి. బిడ్డ ముక్కు తుడిచినాక, గుడ్డలు మార్చినాక సబ్బుతో చేతులు కడగాలి. బిందె నీళ్ళకు ఎదురుచూసే మన పల్లెల్లో ఇది చెప్పినంత సులువు కాదని నాకు తెలుసు. అయినా ఈ పనికి చెంబెడు నీళ్ళు చాలు.

మిత్రులారా! సెలవులకు ఊరికి పోయినప్పుడు మాట ఆలస్యమైన బిడ్డ కనబడితే, "మెల్లగా వస్తుందిలే" అనకండి. చెవి పరీక్షకు పంపండి. తల్లిని నిందించేవారికి ఈ నాలుగు మాటలూ చెప్పండి.