సూరతు పేరు మోయు గువ్వ

గువ్వను ఎరుగని తెలుగువాడు లేడు. అయినను తన దొడ్డిలో గింజలు ఏరుకొనునది ఏ జాతి గువ్వయో చెప్పగలవారు కొద్దిమందియే. అది ఎల్లప్పుడు కనబడుచుండుట చేతనే మనము దానిని పరికించి చూచుట మానితిమి. అట్టి సామాన్యమైన పక్షి యొకదానిని ఈ పాఠములో నిదానముగా చూతము. దాని పేరు పొడగువ్వ.

1. పేరు వచ్చిన విధము

గుజరాతు రాష్ట్రములో తపతీ నదీతీరమున సూరతు నగరము గలదు. మొగలు చక్రవర్తుల కాలములో అది పడమటి తీరమున గొప్ప రేవుపట్టణము. నేడు బట్టల పరిశ్రమకును, వజ్రములు సానపట్టు పనికిని ప్రసిద్ధి. తెలంగాణమునుండి వెళ్లి, మరమగ్గములపై జీవించుచున్న తెలుగు నేతపనివారి కుటుంబములు అచ్చట అనేకములు.

పియెర్ సొన్నెరా అను ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1782లో ప్రచురించిన తన ప్రయాణ గ్రంథములో సూరతు గువ్వను వర్ణించెను. ఆ వర్ణనను ఆధారము చేసికొని జర్మను పండితుడైన గ్మెలిన్ 1789లో దానికి ‘కొలంబా సూరటెన్సిస్’, అనగా ‘సూరతు గువ్వ’ అని లాటిను పేరు పెట్టెను. తరువాత కొలంబా అను మాట మారి స్పిలోపీలియా అయినది గాని, సూరతు పేరు మాత్రము నిలిచియున్నది. చాలకాలము పండితులు దీనిని చైనా దేశపు పొడగువ్వతో కలిపి ఒకే జాతిగా ఎంచిరి. ఇటీవల పలువురు దీనిని ప్రత్యేక జాతిగా లెక్కించుచున్నారు.

2. గుర్తుపట్టు విధము

పొడగువ్వ పొడవు తోకతో కూడ సుమారు 30 సెంటీమీటర్లు. తల బూడిదవన్నె, రొమ్ము లేత గులాబివన్నె. మెడ వెనుక నల్లని పట్టీమీద తెల్లని చుక్కలు ముత్యములు చల్లినట్లుండును. రెక్కలమీదను లేతరంగు పొడలు గలవు. ఆడ మగ ఒకే రూపము. పిల్లలకు మాత్రము మెడపట్టీ ఇంకను ఏర్పడియుండదు.

దీనికంటె కొంచెము చిన్నదైన చిట్టిగువ్వ మరియొకటి కలదు. దానికి రెక్కలపై పొడలు లేవు. నల్లని మచ్చలు మెడ ముందు భాగముననే యుండును. మన దేశములోని చిట్టిగువ్వకు గ్మెలినే అదే సంవత్సరమున గుజరాతులోని ఖంభాత్ రేవు పేరు పెట్టెను. ఈ రీతిగా రెండు చిన్న పక్షులు రెండు పాత రేవుల పేళ్లను మోయుచున్నవి.

3. జీవించు విధము

పొడగువ్వ నేలమీద నడచుచు గడ్డిగింజలను, రాలిన ధాన్యమును ఏరుకొని తినును. నీళ్లు త్రాగునప్పుడు అనేక పక్షులవలె మాటిమాటికి తల పైకెత్తక, ముక్కు ముంచి పీల్చుకొనును. జతకట్టు కాలమున మగపక్షి రెక్కలు టపటప కొట్టుచు నిటారుగా పైకెగిరి, తోక విప్పి మెల్లగా క్రిందికి జారును.

దాని గూడు బహు పలుచన. కొన్ని పుల్లలు అడ్డదిడ్డముగా పేర్చినట్లుండును. అందులో సాధారణముగా రెండు తెల్లని గ్రుడ్లు పెట్టును. తల్లియు తండ్రియు వంతులవారీగా సుమారు రెండు వారములు పొదుగును. గింజలు అరిగించుకొనలేని పసిపిల్లలకు, మెడ క్రింది సంచిలోపలి పొరనుండి పాలవంటి ఆహారము పుట్టును. దానిని ఇద్దరును పట్టుదురు. తండ్రియు పాలిచ్చి పెంచు ఈ ఏర్పాటు పక్షులలో బహు అరుదు.

4. లేఖనములలోని గువ్వ

లేవీయకాండము 12:8 ప్రకారము, గొఱ్ఱెపిల్లను తేజాలని తల్లి రెండు గువ్వలను తేవచ్చును. లూకా 2:24లో మరియ యోసేపులు చేసిన అర్పణ ఈ పేదల అర్పణయే. ఆ దేశమున గువ్వలు పేదవానికి సయితము అందునంత సమృద్ధిగా నుండెను గనుకనే ఆ నియమము సాధ్యమాయెను. తన కాలము నెరిగి వచ్చునని యిర్మీయా 8:7 చెప్పు గువ్వ మన పొడగువ్వకు దగ్గరి చుట్టము. అది చలికాలము ఆఫ్రికాలో గడిపి వసంతమున ఉత్తరమునకు తిరిగివచ్చు వలసపక్షి.

5. ఒక హెచ్చరిక

ఆ వలసగువ్వ నేడు తగ్గిపోవుచున్నది. దారిలో వేటగాండ్రు చంపుటచేతను, పొలములలో కలుపుగింజలు కరవగుటచేతను దాని సంఖ్య క్షీణింపగా, 2015లో దానిని అపాయమునకు లోనైన జాతుల పట్టికలో చేర్చిరి. ఉత్తర అమెరికాలో మేఘములవలె ఆకాశమును కమ్మిన పాసింజర్ పావురముల జాతిలో చివరిది 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుశాలలో మరణించెను. విస్తారముగా నుండుట రక్షణ కాదని ఈ రెండును బోధించుచున్నవి.

మన పొడగువ్వకు అట్టి అపాయము ఇంకను రాలేదు. అయినను సంక్రాంతి దినములలో సూరతులోను, మన హైదరాబాదులోను గాజుపొడి పూసిన మాంజా దారము అనేక పక్షుల రెక్కలను కోయుచున్నది. నైలాను మాంజాను జాతీయ హరిత న్యాయస్థానము 2017లో దేశమంతట నిషేధించెను. గుజరాతులో ప్రతి జనవరిలో గాయపడిన పక్షులకు చికిత్స చేయుటకు ప్రభుత్వము ప్రత్యేక శిబిరములు నడుపుచున్నది. అయినను చెట్లకు చిక్కిన దారము పండుగ ముగిసిన పిమ్మటను ప్రాణములు తీయును.

చదువరులారా, మనము చేయదగినవి మూడు గలవు. మన పిల్లల చేతికి నూలుదారము మాత్రమే ఇయ్యవలెను. పండుగ మరునాడు మన వీధి చెట్లపైనున్న దారమును తీసివేయవలెను. ఎండకాలమున గోడమీద మూకుడుతో నీళ్లు పెట్టవలెను. ఆ నీళ్లకు వచ్చిన గువ్వ మెడను ఒకసారి చూడుడి. ముత్యములవంటి చుక్కలు కనబడినయెడల, సూరతు పేరు మోయు పక్షి మీ యింటికి వచ్చినదని తెలిసికొనుడి.