పళ్ళెం మారితే మూలకణం గుణం మారుతుందా?

ఒకే బస్తాలోని వడ్లను రెండు నారుమళ్ళలో చల్లారనుకోండి. ఒకటి సారవంతమైన మడి, రెండవది చౌడు నేల. రెండింటిలోనూ నారు ఒకే తీరుగా ఎదగదు కదా! శరీరం నుండి తీసి ప్రయోగశాలలో పెంచే కణాల సంగతి కూడా ఇంతే.

విద్యార్థులారా! విభజన చెంది తనవంటి కణాలనూ, ప్రత్యేకమైన పని చేసే కణాలనూ ఇవ్వగల కణాన్ని మూలకణం అంటారు. ఎముక మజ్జలో రక్తకణాలనిచ్చే మూలకణాలే కాక, ఎముకను, కొవ్వును ఇవ్వగల మరొక రకం కూడా ఉంది. వీటిని మెసెంకైమల్ మూలకణాలు అంటారు. ఇవి నాడీకణాలకు మేలు చేసే ప్రోటీన్లను స్రవిస్తాయి. బి.డి.ఎన్.ఎఫ్., వి.ఇ.జి.ఎఫ్. అనేవి అటువంటివే. మెదడులో చనిపోయిన నాడీకణాల స్థానంలో కొత్తవి పుట్టడం చాలా అరుదు. కాబట్టి ఉన్నవాటిని కాపాడుకోవడమే ముఖ్యం.

ఈ మూలకణాలను పళ్ళేలలో పోషక ద్రవం పోసి, 37 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో పెంచుతారు. మామూలు పెట్టెలో ఆక్సిజన్ నూటికి సుమారు 20 పాళ్ళు ఉంటుంది. మజ్జలోనో, సుమారు 1 నుండి 7 పాళ్ళే! అంటే మనం వాటికి అలవాటు లేని గాలి ఇస్తున్నామన్నమాట. ఆక్సిజన్ తగ్గినప్పుడు కణంలో హిఫ్-1 అనే ప్రోటీన్ నిలదొక్కుకొని, వి.ఇ.జి.ఎఫ్. వంటి వాటి జన్యువులను మేల్కొలుపుతుంది. ఆక్సిజన్ పుష్కలంగా ఉంటే హిఫ్-1 వెంటనే నశిస్తుంది. కణాలు ఆక్సిజన్‌ను పసిగట్టే ఈ ఏర్పాటును కనుగొన్నందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ బహుమతి లభించింది.

గాలి ఒక్కటే కాదు, కణం కూర్చునే నేల కూడా ముఖ్యమే. మెత్తని నేల మీద ఒక విధంగా, గట్టి నేల మీద మరొక విధంగా ఈ కణాలు మార్పు చెందుతాయని 2006లో ఎంగ్లర్, డిషర్ బృందం చూపింది.

మరి, ఏ పెంపకం మేలైనదో తేల్చడమెలా? రెండు పళ్ళేలలో సమాన సంఖ్యలో మూలకణాలను పెంచండి. ఒకదానికి 20 పాళ్ళు, మరొకదానికి 2 పాళ్ళు ఆక్సిజన్ ఇవ్వండి. తరువాత కణాలను వదిలి, ద్రవాన్ని మాత్రమే తీసి, వేర్వేరుగా నాడీకణాలకు పోయండి. ఇప్పుడు గ్లుటమేట్ కలపండి. ఇది నాడుల మధ్య కబురు చేరవేసే రసాయనమే. కాని మోతాదు మించితే నాడీకణాలను చంపుతుంది. చివరకు ట్రిపాన్ బ్లూ రంగు వేయండి. చచ్చిన కణాలు నీలమవుతాయి, బ్రతికినవి కావు. ఇక లెక్కపెట్టడమే!

ఇటువంటి పరీక్షలు అనేకం జరిగాయి. పలు పరీక్షలలో తక్కువ ఆక్సిజన్‌లో పెరిగిన కణాల ద్రవమే ఎక్కువ నాడీకణాలను కాపాడింది. అయితే ఆక్సిజన్ మరీ తగ్గినా, ఎక్కువకాలం తగ్గినా మూలకణాలే దెబ్బతింటాయి.

ఒక హెచ్చరిక. పళ్ళెంలో రక్షణ వేరు, రోగికి నయం కావడం వేరు. “మూలకణాలతో పక్షవాతం మాయం” అనే ప్రకటన కనబడితే, ఆ కణాలను ఎలా పెంచారు, ఎవరితో పోల్చి చూశారు అని అడగండి. మన దేశంలో 2017 నాటి జాతీయ మార్గదర్శకాలు ఇటువంటి వాటిని అనుమతి పొందిన పరీక్షలలోనే వాడాలని చెబుతున్నాయి.

ఆలోచించండి: పై ప్రయోగంలో మూలకణాలు అసలు పెరగని పోషక ద్రవంతో మూడవ పళ్ళెం కూడా ఉండాలి. ఎందుకు?