కూపన్లు కత్తిరించిన గౌను

1941లో బ్రిటన్ వాణిజ్య శాఖకి ఒక చిక్కు వచ్చిపడింది. బట్టలకి రేషన్ పెట్టాలి. నూలు, ఉన్ని తెచ్చే ఓడల్లో చోటు లేదు, మిల్లుల్లో మనుషులూ లేరు. కానీ సంగతి ముందే పొక్కితే జనం ఒక్కరోజులో కొట్లు ఊడ్చేస్తారు. కొత్త కూపన్ పుస్తకాలు అచ్చువేస్తే ప్రెస్సులోనే గుట్టు బయటపడుతుంది. మరెలా?

అప్పటికే ఇంటింటా ఆహార రేషన్ పుస్తకం ఉంది. అందులో మార్జరిన్ కోసం అచ్చువేసిన కూపన్లు కొన్ని వాడకుండా మిగిలాయి. జూన్ 1, ఆదివారం, కొట్లు మూసి ఉండగా మంత్రి ఆలివర్ లిటిల్టన్ రేడియోలో చెప్పారు: ఇకనుంచి ఆ కూపన్లే బట్టలకి! పాత టేబుల్లో ఖాళీగా పడివున్న కాలమ్‌ని కొత్త పనికి వాడుకోవడమన్నమాట. మనలో ఈ పని చెయ్యనివారెవరు?

మనిషికి ఏడాదికి 66 కూపన్లు. ఉన్ని గౌనుకి 11, నూలు గౌనుకి 7, మేజోళ్ళ జతకి 2. డబ్బు ఎలాగూ ఇవ్వాలి, దానిపైన కూపన్లు. చూడ్డానికి అందరికీ సమానమే. కానీ డిజైన్‌లో ఒక లోపం ఉంది. పదేళ్ళు మన్నే ఖరీదైన ఉన్ని గౌనుకీ 11 కూపన్లే, ఏడాదికే పీలికలయ్యే చవక ఉన్ని గౌనుకీ 11 కూపన్లే. అంటే డబ్బున్నవాళ్ళ కూపన్ ఎక్కువకాలం మన్నుతుంది, లేనివాళ్ళది మన్నదు.

దీనికి వేసిన ప్యాచ్ 'యుటిలిటీ' పథకం. బట్ట నాణ్యత ఇంత ఉండాలి, ధర ఇంతకి మించకూడదు అని నిర్ణయించి, సరుకు మీద సీసీ41 అనే ముద్ర వేశారు. (మన దగ్గరా 1943లో మిల్లు బట్ట మీద కంట్రోలు వచ్చింది. రేషన్ కొట్టుని కంట్రోలు షాపు అనే పెద్దవాళ్ళు మనకింకా ఉన్నారుగా!) 1942లో నార్మన్ హార్ట్‌నెల్, హార్డీ ఏమీస్ వంటి పేరున్న డిజైనర్లు ఈ పథకానికి నమూనాలు గీశారు. అదే ఏడాది ఇంకో నిబంధనల చిట్టా వచ్చింది: గుండీలిన్ని, కుచ్చిళ్ళిన్ని, జేబులిన్ని, అలంకారపు ఎంబ్రాయిడరీ అసలొద్దు. ఫలితం మోకాలి దాకా సన్నటి స్కర్టు, పలకల్లాంటి భుజాలు. ఆ భుజాలని యుద్ధమే కనిపెట్టిందంటారు గానీ అది సరికాదు. అవి 1930లలోనే వచ్చాయి. మారాల్సిన ఫ్యాషన్ని యుద్ధం ఉన్నచోటే ఆపేసింది, అంతే.

ఇక 'ఉన్నదాంతో సర్దుకో, చిరిగితే కుట్టుకో' అని ప్రచారం. ఎవరు కుట్టాలి? 1941 డిసెంబరు చట్టంతో పెళ్ళికాని యువతులకి యుద్ధసేవ తప్పనిసరైంది. పగలంతా ఫ్యాక్టరీ, రాత్రి సూదీదారం. ప్రభుత్వం మిగిల్చిన గజాల లెక్క ఉంది. దానికోసం ఆడవాళ్ళు మేలుకున్న రాత్రుల లెక్క మాత్రం ఏ రిపోర్టులోనూ కాలమ్ కాలేదు.

యుద్ధం ముగిసినా కూపన్లు పోలేదు. 1947 ఫిబ్రవరి 12న పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ సన్నని నడుము, గజాలకొద్దీ బట్టతో పాదాల వైపు జారే స్కర్టులు చూపించాడు. హార్పర్స్ బజార్ సంపాదకురాలు కార్మెల్ స్నో మాటల్లోంచి దానికి 'న్యూ లుక్' అని పేరొచ్చింది. డియోర్‌కి పెట్టుబడి పెట్టిన మార్సెల్ బూసాక్ బట్టల మిల్లుల యజమాని. ఎక్కువ బట్ట పట్టే గౌను ఆయనకి చేదా? లండన్‌లో మంత్రి స్టాఫర్డ్ క్రిప్స్ మండిపడ్డారు. బిగించిన నడుముతో పాత బందిఖానా మళ్ళీ వచ్చిందని కొందరు స్త్రీలూ విమర్శించారు. అది నిజమే. కానీ ఏళ్ళ తరబడి గుండీలు లెక్కపెట్టుకున్నవాళ్ళు గజాలు కోరుకుంటే, దాన్ని ఉత్త సోకు అని కొట్టిపారెయ్యడం నాకు న్యాయంగా తోచదు.

అదే ఏడాది నవంబరులో యువరాణి ఎలిజబెత్ పెళ్ళి. ఆవిడ గౌనుకీ కూపన్లు కావాల్సిందే. దేశం నలుమూలల నుంచీ ఆడవాళ్ళు తమ కూపన్లు కవర్లలో పెట్టి పంపారు. ఒకరి కూపన్ ఇంకొకరు వాడటం చట్టవిరుద్ధం కనుక వాటిని పంపినవాళ్ళకే తిప్పి పంపారు. బట్టల రేషన్ పూర్తిగా ఎత్తేసింది 1949 మార్చి 15న.