కుక్కపిల్లకు తొలి పాఠాలు

పాఠ్యభాగ నేపథ్యం: నగరంలోని బహుళ అంతస్తుల ఇళ్ళలో పెరుగుతున్న కుక్కపిల్లకు ప్రశాంతమైన నడవడి ఎందుకు నేర్పాలో, ఎలా నేర్పాలో ఈ వ్యాసం తెలుపుతుంది.

1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. రాళ్ళగుట్టల నడుమ మొదలైన హైటెక్ సిటీ క్రమంగా కొండాపూర్, గచ్చిబౌలి, మణికొండ, నానక్‌రామ్‌గూడల వరకు విస్తరించింది. ఇళ్ళు నేలను విడిచి ఆకాశం వైపు లేచాయి. మనిషి వెంట అతని కుక్క కూడా పదో అంతస్తుకో, ఇరవయ్యో అంతస్తుకో చేరుకున్నది. ఈ మార్పు మనిషి బ్రతుకును ఎలా మలచిందో అనేకులు వ్రాశారు. కుక్క బ్రతుకును ఎలా మలచిందో తలచిన వారు తక్కువ.

పల్లెలో కుక్కపిల్లకు పనిగట్టుకొని మర్యాద నేర్పిన వారు లేరు. తల్లి నేర్పింది, తోబుట్టువులు నేర్పాయి, వీధి నేర్పింది. ఆటలో తోటిపిల్ల చెవిని గట్టిగా కొరికితే అది కుయ్యిమని అరచి ఆట మానివేసేది. పంటిబలం ఎంతవరకు చూపవచ్చునో కొరికిన పిల్లకు ఆ విధంగా తెలిసివచ్చేది. మితిమీరి వేధిస్తే తల్లి గుర్రుమనేది. అరుగు మీది వృద్ధులు, పాలు తెచ్చేవాడు, ఉత్తరాలు పంచేవాడు, గంటల చప్పుడుతో సాగే ఎడ్లబండ్లు అన్నీ దానికి కళ్ళు తెరచిన నాటినుండి పరిచితాలే. అపార్టుమెంటులో అడుగుపెట్టిన పిల్లకు ఈ గురువులలో ఒక్కరూ లేరు. మూసిన తలుపు, కంప్యూటరు ముందు కూర్చున్న యజమాని, సాయంత్రం వరకు నిశ్శబ్దం, అంతలో హఠాత్తుగా మ్రోగే కాలింగ్ బెల్లు, ఇదే దాని లోకం. వీధి అంతా కలసి చేసిన బోధన ఇప్పుడు ఒక్క యజమాని చేయవలసి వచ్చింది. ఆ సంగతి చాలామంది యజమానులకు కుక్క పెరిగి పెద్దదైన తరువాత గాని తెలియదు.

దానివల్ల వాటిల్లే హాని ఏపాటిదని అడగవచ్చు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లోని ఒక అపార్టుమెంటు మూడవ అంతస్తుకు భోజనం తీసుకువెళ్ళిన ఇరవై మూడేళ్ళ యువకుడి మీదికి ఆ ఇంటి పెంపుడు కుక్క దూసుకువచ్చింది. భయంతో తప్పించుకోబోయిన అతడు పైనుండి క్రిందపడి, చికిత్స పొందుతూ మరణించాడు. అదే సంవత్సరం మే నెలలో, మణికొండలో వస్తువు అందజేయడానికి వెళ్ళిన మరొక వ్యక్తి, డాబర్‌మన్ జాతి కుక్క మీదికి ఉరికి రాగా మూడవ అంతస్తు నుండి దూకి గాయపడ్డాడు. ఒక ప్రాణం పోవడానికి కుక్క కరవనక్కరలేదు, మీదికి ఉరికితే చాలునని ఈ సంఘటనలు తెలుపుతున్నాయి. తలుపు తెరుచుకోగానే పరుగెత్తకుండా నిలబడటం పెంపుడు కుక్కకు అలంకారం కాదు, దాని యజమాని లోకానికి చెల్లించవలసిన బాకీ.

సుమతీ శతకంలో శునకాన్ని కనకపు సింహాసనం ఎక్కించిన పద్యాన్ని మనలో చాలామంది చిన్ననాడే కంఠస్థం చేశారు. పీఠం మారినంత మాత్రాన గుణం మారదన్నది దాని సారాంశం. శతకకర్త మందలింపు మనుష్యులకే గాని కుక్కలకు కాదు. అయినా ఆ మాటను కుక్క విషయంలోనే పరీక్షించి చూస్తే అది నిజమే అవుతుంది. మెత్తని పరుపు, ఖరీదైన ఆహారం, మెడలో వెండిగంట ఇవన్నీ నేటి సింహాసనాలు. వీటిలో ఏ ఒక్కటీ కుక్కకు సంయమనం నేర్పదు. నేర్పేది అభ్యాసం. 'మొక్కై వంగనిది మానై వంగునా' అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఆ 'మొక్క' వయస్సు ఎంత అన్నదానికి శాస్త్రం ఇంచుమించు స్పష్టమైన సమాధానమే ఇచ్చింది. అమెరికాలోని బార్ హార్బర్ పరిశోధనశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు అనేక సంవత్సరాలు కుక్కపిల్లలను పరిశీలించి, 1965లో తమ గ్రంథాన్ని వెలువరించారు. పుట్టిన మూడవ వారం నుండి సుమారు పన్నెండవ వారం వరకు కుక్కపిల్ల మనస్సు క్రొత్తవాటిని సులభంగా స్వీకరిస్తుంది. ఆ వ్యవధిలో చూసినవి, విన్నవి దానికి తనవిగా తోస్తాయి. ఆ తరువాత క్రొత్తది ఎదురైతే కుతూహలం కన్న భయమే ముందు పుడుతుంది. ఎనిమిది వారాలు నిండని పిల్లను విక్రయించరాదని 2017లో కేంద్ర ప్రభుత్వం నియమం చేసింది. తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర నేర్వవలసిన పాఠం పూర్తి కావాలంటే ఆమాత్రం కాలం అవసరం.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఆ లేత వయస్సులో పార్వో వంటి ప్రాణాంతక వ్యాధుల టీకాలు ఇంకా పూర్తికావు. కనుక పిల్లను నేల మీద ఎక్కడపడితే అక్కడ తిప్పరాదని పశువైద్యులు హెచ్చరిస్తారు. ఆ హెచ్చరికను విని పిల్లను నాలుగు నెలలు గదిలో ఉంచిన యజమాని దానిని వ్యాధి నుండి కాపాడి, భయానికి అప్పగిస్తాడు. దీనికి పరిష్కారం కష్టమైనది కాదు. పిల్లను చేతులలో ఎత్తుకొని గేటు దాకా తీసుకువెళ్ళాలి. శిరస్త్రాణం ధరించిన వ్యక్తి, వీపున పెద్ద సంచి మోసే వ్యక్తి, యూనిఫాం తొడిగిన కాపలాదారు, చక్రాల కుర్చీ, గొడుగు, లిఫ్టు తలుపుల చప్పుడు, ఇవన్నీ దూరం నుండి చూపాలి. చూసిన ప్రతిసారీ ఒక చిన్న తినుబండారం నోటికి అందించాలి. రోజుకు పది నిమిషాలు చాలును. శిరస్త్రాణం కనబడితే మంచి జరుగుతుందని పిల్ల మనస్సులో ముద్రపడుతుంది.

ఈ ముద్రపడే విధానాన్ని లోకానికి తెలిపినవాడు రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్. ఆయనకు 1904లో నోబెల్ బహుమతి లభించింది జీర్ణక్రియపై చేసిన పరిశోధనకు. ఆ పరిశోధనలోనే, ఆహారం నోట పడకముందే, దాని రాకను సూచించే గుర్తులకే కుక్కకు లాలాజలం ఊరడం ఆయన గమనించాడు. అమెరికా మనోవైజ్ఞానికుడు ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో ప్రకటించిన ప్రయోగాలు మరొక సత్యాన్ని వెల్లడించాయి. ఏ చేష్ట వలన సంతృప్తి కలుగుతుందో ఆ చేష్టను జంతువు మరల మరల చేస్తుంది. శునక శిక్షణలో మిగిలినదంతా ఈ రెండింటికీ వ్యాఖ్యానమే అనవచ్చు.

తలుపు దగ్గరి సన్నివేశాన్నే తీసుకుందాం. యజమాని సాయంత్రం ఇంటికి వస్తాడు. పిల్ల ఎగిరి అతని మోకాళ్ళ మీద పడుతుంది. మూడు కిలోల పిల్ల గనుక అతడు మురిసిపోయి ఎత్తుకుంటాడు. ఎగిరితే ప్రేమ లభిస్తుందని పిల్ల నేర్చుకున్నది, నేర్పినవాడు అతడే. ఎనిమిది నెలల తరువాత ముప్పై కిలోల కుక్క అదే పని చేస్తుంది. పొరుగింటి అవ్వగారు పడిపోతారు. అప్పుడు యజమాని దానిని కొడతాడు. నిన్నటి వరకు మెప్పు తెచ్చిన పని నేడు దెబ్బ ఎందుకు తెచ్చిందో ఆ మూగజీవికి ఎలా తెలుస్తుంది? 'దిగు, దిగు' అంటూ చేతులతో త్రోయడం కూడా పనికిరాదు. కుక్కపిల్లకు అది ఆట. చేయవలసిన పని ఒక్కటే. పిల్ల ఎగిరినంతసేపు ముఖం త్రిప్పుకొని, చేతులు కట్టుకొని, మాటాడక నిలబడాలి. నాలుగు కాళ్ళూ నేలను తాకిన మరుక్షణం వంగి, మెల్లగా నిమరాలి. మరల ఎగిరితే మరల ముఖం త్రిప్పుకోవాలి. మొదటి రెండు మూడు రోజులు పిల్ల మునుపటికన్న ఎక్కువగా ఎగురుతుంది. పాత ఉపాయం ఎందుకు పారలేదని తేల్చుకునే ప్రయత్నం అది. చాలామంది ఓపిక నశించి అక్కడనే లొంగిపోతారు. ఇంటిలో నలుగురు ఉంటే నలుగురూ ఈ ఒక్క పద్ధతినే పాటించాలి. ముగ్గురు కట్టుబడి, తాతగారు ఒక్కరు జాలిపడి ఎత్తుకుంటే, పిల్ల తాతగారి పద్ధతినే స్థిరం చేసుకుంటుంది.

కొరకడం విషయంలోనూ సూత్రం ఇదే. కుక్కపిల్లకు ఇరవై ఎనిమిది పాలపళ్ళు ఉంటాయి. నాలుగవ నెల నుండి అవి ఊడి, నలభై రెండు శాశ్వత దంతాలు వస్తాయి. ఆ కాలంలో చిగుళ్ళు సలుపుతాయి గనుక అది దేనినైనా నమలక మానదు. చెప్పు నమలితే చెప్పును లాగుకొని తిట్టడం కాక, నమలదగిన వస్తువును చేతికి అందేచోట ఉంచాలి. చేతిని కొరికితే ఆట ఆపి, అర నిమిషం లేచి వెళ్ళిపోవాలి. తోబుట్టువు చేసిన పని అదే కదా. ఒక్క మాట అదనంగా చెప్పాలి. సాయంత్రం వేళ పిచ్చిపట్టినట్లు పరుగెత్తి అందరినీ కొరికే పిల్ల తరచు అలసిపోయిన పిల్ల. పసిబిడ్డ వలె కుక్కపిల్ల కూడా రోజులో అధికభాగం నిద్రించాలి. దానికి అప్పుడు కావలసింది మరొక ఆట కాదు, చీకటిగా ఉన్న ఒక మూల.

శాంతంగా ఉండటం అంటే ఏమీ చేయకపోవడం అని మనం భావిస్తాము. కుక్కకు అదొక విద్య. హైటెక్ సిటీకి నైరుతిగా, మొయినాబాద్‌లో తెలంగాణ పోలీసుశాఖ వారి శిక్షణ కేంద్రం ఉన్నది. పోలీసు జాగిలాలకు అక్కడ తర్ఫీదు ఇస్తారు. సాధారణంగా పేలుడు పదార్థాన్ని పసిగట్టే జాగిలం దానిని గోకకూడదు, మొరగకూడదు; వాసన తగిలిన చోట మౌనంగా కూర్చోవాలి. గోకితే ఏమవుతుందో ఊహించవచ్చు. ఉద్రేకం పరాకాష్ఠకు చేరిన క్షణంలో కదలక కూర్చోవడం దానికి స్వభావంగా వచ్చింది కాదు, బహుమానంతో నేర్పినది. ఇంటిలో అంత కఠిన సాధన అక్కరలేదు. ఒక చాప పరచి, పిల్ల తనంతట తాను దాని మీద పడుకున్నప్పుడల్లా మాట్లాడకుండా ఒక మెతుకో, ఉడికించిన గ్రుడ్డు తునకో ముందు పెట్టాలి. అల్లరి చేసినప్పుడు అందరూ దానివైపు చూస్తారు, ఊరక పడుకున్నప్పుడు ఎవరూ చూడరు. అందుచేతనే అల్లరి పెరుగుతుంది. తినుబండారాలలో చాక్లెట్టు, ద్రాక్ష, ఉల్లి కుక్కలకు విషతుల్యాలని గుర్తుంచుకోవాలి.

దెబ్బను గురించి నన్నయ భారతంలోనే ఒక కథ ఉన్నది. జనమేజయుడు యజ్ఞం చేసేచోటికి సరమ అనే దేవశునకం కుమారుడు సారమేయుడు ఆడుకుంటూ వచ్చాడు. అతడు ఏ తప్పూ చేయలేదు. అయినా జనమేజయుని తమ్ములు కొట్టారు. సరమ వచ్చి, తగనిది చేసినవారికి అకారణంగా భయాలు కలుగుతాయని పలికి వెళ్ళింది. కారణం తెలియని దెబ్బ తిన్నవానిలోనూ, కొట్టినవానిలోనూ భయాన్నే నాటుతుంది. కుక్క తోడేలు సంతతి గనుక యజమాని 'నాయకుడు' అయి దానిని అణచి ఉంచాలన్న వాదం చాలాకాలం ప్రచారంలో ఉన్నది. బంధించి ఉంచిన తోడేళ్ళను చూసి 1947లో రుడాల్ఫ్ షెంకెల్ వ్రాసిన వ్యాసం దానికి మూలాలలో ఒకటి. అడవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్ళను దశాబ్దాలు పరిశీలించిన డేవిడ్ మెక్, ఆ గుంపు సాధారణంగా తల్లిదండ్రులు, పిల్లలు గల కుటుంబమేనని 1999లో తెలిపాడు. అయినా కుక్కను వెల్లకిలా పడవేసి అదిమిపట్టే శిక్షకులు నేటికీ ఉన్నారు. గుర్రుమన్నందుకు దెబ్బలు తిన్న కుక్క గుర్రుమనడం మానుతుంది, భయం మానదు. హెచ్చరిక లేకుండా కరిచే కుక్క ఆ విధంగా తయారవుతుంది.

భాషను గురించి ఒక ముచ్చట. ఇంటిలో అచ్చతెనుగు మాట్లాడే వారు కూడా కుక్కతో మాత్రం 'సిట్', 'కమ్' అని ఇంగ్లీషులో మాట్లాడతారు. కుక్కకు 'కూర్చో' అన్నా ఒకటే, 'సిట్' అన్నా ఒకటే. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, కొడుకు 'సిట్' అని, నాయనమ్మ 'కూర్చోవే' అని, పనికి వచ్చే అమ్మాయి 'బైఠ్' అని అన్నప్పుడు. ముగ్గురూ ఒకే మాట ఎంచుకోవాలి. మాటతోపాటు ఒకే చేతిసైగ చేస్తే పిల్ల మరింత త్వరగా గ్రహిస్తుంది.

ఒంటరితనం కూడా నేర్పవలసిన పాఠమే. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైన తరువాత ఐటీ ఉద్యోగులు నెలల తరబడి ఇంటినుండే పనిచేశారు. ఆ కాలంలో పెరిగిన పిల్లలకు నిర్మానుష్యమైన ఇల్లు తెలియదు. కార్యాలయాలు తెరచిన తరువాత అటువంటి కుక్క తలుపును గోకుతూ సాయంత్రం దాకా మొరిగితే తప్పు దానిది కాదు. యజమాని ఇంటిలో ఉన్ననాడే మొదట ఒక నిమిషం, తరువాత ఐదు నిమిషాలు, అటుపై అరగంట వేరే గదిలో పిల్లను విడిచి అలవాటు చేయాలి.

2018లో హైదరాబాదు మహానగర పాలక సంస్థ కొండాపూర్‌లో, లోగడ చెత్తకుప్పగా ఉన్న సుమారు 1.3 ఎకరాల స్థలాన్ని కుక్కల ఉద్యానంగా మార్చింది. అభినందించదగిన పని. అయితే ఎముకలు ముదరని పిల్ల అడ్డుకర్రల మీదుగా దూకరాదు. టీకాలు పూర్తయిన తరువాత, దూరంగా కూర్చుండబెట్టి ఇతర కుక్కలను ఊరక చూడనివ్వడమే అక్కడ దానికి మొదటి పాఠం. పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం అపార్టుమెంటు సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో స్పష్టం చేసింది. ఆ ఉత్తర్వు ప్రతిని సంఘ సమావేశంలో చూపే యజమాని, లిఫ్టులో గొలుసును కుదించి పట్టుకోవడం, కుక్క మలాన్ని తానే ఎత్తివేయడం కూడా ఎరిగి ఉండాలి.

బెల్లు మ్రోగినప్పుడు యజమానులు తలుపు తీస్తూ చెప్పే మాట ఒకటున్నది: "భయపడకండి, మా కుక్క ఏమీ చేయదు." వచ్చినవానికి ఆ కుక్క పరిచయం లేదు. అతని చేతిలో పొట్లం, మనస్సులో తరువాతి చిరునామా, వెనుక మెట్లు ఉన్నాయి. ఆ మాట చెప్పడానికి పట్టే కాలంలోనే కుక్కను చాప మీదికి పంపి, గొలుసు బిగించి, ఆ తరువాత తలుపు తీయవచ్చు.

ప్రశ్నలు
1. పల్లెలోని కుక్కపిల్లకు, అపార్టుమెంటులోని కుక్కపిల్లకు లభించే బోధనలో గల భేదాన్ని వివరించండి.
2. సరమ వృత్తాంతాన్ని రచయిత ఏ సందర్భంలో ప్రస్తావించారు?
3. మీ వీధిలో ఇంటింటికీ వస్తువులు అందించే ఒకరితో మాట్లాడి, పెంపుడు కుక్కల విషయంలో వారి అనుభవాన్ని ఒక పుటలో వ్రాయండి.