పాఠం 17: ఊరు దాటిన అప్పు – కోర్టు సమను

ఈ పాఠం చదివిన తరువాత, వేరే రాష్ట్రపు కోర్టు నుంచి బాకీ దావా సమను వచ్చినప్పుడు ఏ గడువులు లెక్కించుకోవాలో, ఏ అభ్యంతరాలు చెప్పవచ్చునో మీరు వివరించగలుగుతారు.

17.1 సమను అందినప్పుడు

రాయపూర్‌లో రైల్వే వ్యాగన్ల మరమ్మతు కర్మాగారం పేరు మీద ఏర్పడినదే డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. రాయపూర్–విజయనగరం రైలు మార్గం దానిని ఉత్తరాంధ్రతో కలుపుతుంది. ఆ కాలనీలోని ఒక ఫిట్టరు చెల్లెలి పెళ్ళికి బొబ్బిలిలో ప్రోనోటు వ్రాసి లక్ష రూపాయలు అప్పు తెచ్చాడనుకుందాం. అప్పిచ్చిన ఆసామి బొబ్బిలి సివిల్ కోర్టులో దావా వేశాడు. "ఆంధ్రా కోర్టు ఛత్తీస్‌గఢ్‌లో మనల్నేం చేస్తుంది?" అని ఫిట్టరు సమను పక్కన పడేస్తే ఏమవుతుంది?

సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908లోని 28వ సెక్షను ప్రకారం సమనును మరో రాష్ట్రానికి పంపవచ్చు. తీసుకోనని తిప్పి పంపినా అందినట్లే కోర్టు పరిగణించగలదు. హాజరు కాకపోతే ఏకపక్ష డిక్రీ వస్తుంది. దానిని రద్దు చేయమని కోరడానికి గడువు 30 రోజులు. సమను సరిగా అందకపోయి ఉంటే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి ఈ 30 రోజులు లెక్కిస్తారు.

సాధారణ దావాలో వ్రాతపూర్వక జవాబుకు కూడా 30 రోజులే. కోర్టు అనుమతిస్తే 90 రోజుల వరకు. సమనులో ఆర్డర్ 37 అని ఉంటే మాత్రం 10 రోజులలో హాజరు నమోదు చేసుకోవాలి. కాబట్టి సమను చేతికి అందిన తేదీని దాని మీదే వ్రాసి పెట్టుకోండి.

17.2 ఆ కోర్టుకు అధికారం ఉందా?

ప్రతివాది నివసించే చోట గాని, వ్యవహారం పూర్తిగానో కొంతగానో జరిగిన చోట గాని దావా వేయవచ్చునని 20వ సెక్షను చెబుతుంది. మన ఫిట్టరు నోటు వ్రాసింది బొబ్బిలిలోనే కనుక ఈ అభ్యంతరం అతనికి పనికిరాదు. నోటు రాయపూర్‌లో వ్రాసి, డబ్బు అక్కడే అందుకుని ఉంటే సంగతి వేరు. అప్పుడైనా మొదటి అవకాశంలోనే, విచారణాంశాలు ఖరారు కాకముందే చెప్పాలి (21వ సెక్షను). నెగ్గినా బాకీ రద్దు కాదు; సరైన కోర్టులో వేసుకోమని దావా పత్రం వాపసు ఇస్తారు.

17.3 కాలదోషం

బలమైన రక్షణ తరచు ఇక్కడే దొరుకుతుంది. అడిగినప్పుడు ఇస్తానని వ్రాసిన ప్రోనోటుకు లిమిటేషన్ చట్టం, 1963 ప్రకారం గడువు నోటు తేదీ నుంచి 3 సంవత్సరాలు. 2022 ఆగస్టు 12 నాటి నోటు మీద 2025 ఆగస్టు 12లోగా దావా వేయాలి. బాకీదారు భారతదేశం బయట ఉన్న కాలాన్ని లెక్కలోంచి తీసివేస్తారు. రాష్ట్రం మారితే తీసివేయరు.

అయితే నోటు వెనక్కి తిప్పి చూడండి. 2024 మార్చి 3న అయిదు వందలు ఇచ్చి, బాకీదారే సంతకం పెట్టి చెల్లు వేసి ఉంటే, ఆ రోజు నుంచి మళ్ళీ 3 సంవత్సరాలు. కాలదోషం పట్టిన అప్పుకు "మాట కోసం" కొత్త నోటు వ్రాసినా అది చెల్లుతుంది. పండుగకు ఊరు వెళ్ళినప్పుడు మొహమాటంతో పెట్టే సంతకాలు ఇలాంటివే.

17.4 జీతం మీదికి వస్తే

రైల్వే ఉద్యోగి జీతాన్ని, ఉద్యోగి తన పరిధిలో లేకపోయినా, డిక్రీ ఇచ్చిన కోర్టు నేరుగా ఆపించగలదు (ఆర్డర్ 21, రూల్ 48). 60వ సెక్షను కొంత కాపాడుతుంది: మొదటి 1,000 రూపాయలు, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులు ముట్టరాదు. లెక్కలోకి వచ్చే జీతం 31,000 అయితే నెలకు 10,000 వరకే ఆపవచ్చు. ఒకే డిక్రీకి 24 నెలలకు మించి ఆపరాదు. ప్రావిడెంట్ ఫండు, పెన్షను జప్తుకు రావు.

వకీలు ఖర్చుకు వెనుకాడేవారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, పారిశ్రామిక కార్మికులు ఉచిత సహాయానికి అర్హులు. ఫోన్ 15100.

పాఠ్యగత ప్రశ్నలు

1. లెక్కలోకి వచ్చే జీతం 25,000 అయితే నెలకు ఎంత వరకు ఆపవచ్చు?
2. 2022 డిసెంబరు 5 నాటి ప్రోనోటు వెనుక 2024లో వేసిన చెల్లు మీద అప్పిచ్చిన ఆసామి చేవ్రాలు, సంతకం మాత్రమే ఉన్నాయి. 2026 జనవరిలో దావా వేశారు. ప్రతివాది ఏమని జవాబు వ్రాయాలి?