గట్టి విశ్వాసము, వినగల చెవి

పాఠ్యభాగము: అపొ. కార్యములు 18:24–28

హనుమాన్ జంక్షన్‌లో ఒక త్రోవ బెజవాడకు, ఒకటి ఏలూరునకు, ఒకటి నూజివీటికి, ఒకటి గుడివాడకు పోవును. అక్కడ టీ కొట్టునొద్ద బస్సునకు కాచుకొనియుండగా ఒక నాస్తికుడు మమ్మును, నీతిమంతుడైన యోబునకు అన్ని కష్టములేల వచ్చెనని అడిగెను. మేము వేడెక్కి, నాలుగు వచనములు ఆయనమీద విసరి, బస్సెక్కితిమి. ధైర్యముగా సాక్ష్యమిచ్చితిమనియే తలంచితిమి. నిజమునకు యోబు గ్రంథమును తుదివరకు చదివినవారు మాలో ఎందరు?

అపొల్లో అలెక్సంద్రియవాడు, విద్వాంసుడు, లేఖనములు బాగుగా ఎరిగినవాడు, ఉత్సాహవంతుడు. అయితే యోహాను బాప్తిస్మమునకు మించి అతనికి తెలియదు. ఎఫెసులో అతని బోధ వినిన అకుల, ప్రిస్కిల్ల డేరాలు కుట్టి బ్రతుకువారు. వారు నలుగురిలో అతని తప్పు పట్టలేదు. తమయొద్దకు చేర్చుకొని విశదపరచిరి. అంతటి పండితుడు కూలిపనివారియొద్ద, అందును ఒక స్త్రీయొద్ద, కూర్చుండి నేర్చుకొనెను. అందువలన అతని నోరు మూతపడలేదు. అకయకు పోయి మునుపటికంటె బలముగా వాదించెను.

విశ్వాసమునకు సద్గుణమును, జ్ఞానమును, సహనమును, ప్రేమను కూర్చుకొనవలెనని పేతురు వ్రాసెను (2 పేతురు 1:5–7). యూరియా ఒక్కటే చల్లిన వరిచేను ఏపుగా పెరిగి గాలివానకు పడిపోవునని మన డెల్టా రైతులెరుగుదురు. సహనము లేని ధైర్యమును అట్టిదే. అలాగని ఎవరేమి చెప్పినను తల ఊపుటయు వినుట కాదు.

మన జిల్లాకే చెందిన ఒక సంగతి చూడుడి. గోరాగారు (గోపరాజు రామచంద్రరావు) 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రము పెట్టి, 1947లో దానిని బెజవాడ పటమటకు మార్చిరి. ఆయన 1944లో సేవాగ్రామమునకు పోయి గాంధీగారితో దేవుని గూర్చియే వాదించిరి. గాంధీగారు విసుగుకొనలేదు, తన ఆస్తికత్వము ఒప్పని గాని, గోరాగారి నాస్తికత్వము తప్పని గాని తాను తేల్చి చెప్పజాలననిరి. గోరాగారి కుమార్తెకు దళిత యువకునితో ఆశ్రమములో జరుగవలసిన పెండ్లిలో, దేవుడను మాటకు బదులు సత్యమను మాట వాడుటకును ఒప్పుకొనిరి. 1948 మార్చి 13న ఆ పెండ్లి జరుగునాటికి గాంధీగారు లేరు. జనవరి 30న ప్రార్థనకు నడచి పోవుచుండగానే కదా ఆయనను కాల్చి చంపిరి! నాస్తికుని మాట వినినందున ఆయన ప్రార్థన మానలేదు. గోరాగారును 1975లో చనిపోవువరకు నాస్తికులే. గాంధీగారు మన సంఘమువారు కారు గాని, ఈ విషయమందు మనము ఆయనకంటె వెనుకబడియున్నామని ఒప్పుకొనక తప్పదు.

ఇంటికి వచ్చి యోబు గ్రంథమును ముగించితిమి. 42:7 దగ్గర ఆగిపోతిమి. దేవుని పక్షమున అంత గట్టిగా మాటలాడిన స్నేహితులమీదనే దేవునికి కోపము వచ్చినది. ప్రశ్నలు వేసిన యోబే యుక్తముగా పలికెనట. మరునాడు జంక్షన్‌కు పోయి ఆ మనుష్యునికొరకు వెదకితిమి. ఆయన శనివారము వచ్చునని టీ కొట్టు అబ్బాయి చెప్పెను.